వెనక్కి చూడకుండా చెప్పిన మాటలు

నా జీవితంలో ఒక్కసారే ఒక ఆడమనిషికి మనసు విప్పి చెప్పుకున్నాను. విప్పడమంటే మామూలుగా విప్పడం కాదు. చేపల బుట్ట బోర్లించినట్టు, అడుగున అంటుకున్న పొలుసుతో సహా కుమ్మరించేశాను. అంత బాగా మాట్లాడగలనని నాకే తెలీదు. చెప్పాల్సిందంతా చెప్పి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూస్తే ఆమె నా పెళ్ళాం కాదు.

మరెవరో తర్వాత చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు నవ్వేసి పేజీ తిప్పేస్తారు. ఆ రోజు నేను పడిన అవస్థలో రవంతైనా మీరూ పడాలి కదా.

అవి అరవైల మొదటి రోజులు. నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఒక గడియారాల షాపులో రిపేరు పని నాది. పేరు దేవదానం. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం చిన్న చిన్న చక్రాల్లోకి చూస్తూ కూచోవడమే ఉద్యోగం. ఊరందరి టైమూ సరిచేసేవాణ్ణి గానీ నాకు మాత్రం టైము దొరికేది కాదు. టైమంటే, పెళ్ళాంతో మాట్లాడే టైము.

కొత్తగా పెళ్ళయింది నాకు. మా ఇల్లు సంతపేటలో ఒక గదీ, ఒక వసారా. గదిలో మాయమ్మా, మా అక్కా, అక్క పిల్లలూ, వాళ్ళ మధ్యలో నా పెళ్ళాం సుగుణ. వసారాలో నేనూ, నా చాపా. గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలు తక్కువ, చెవులే ఎక్కువ. "మంచినీళ్ళియ్యి" అని నేనంటే, సుగుణ అందుకునేలోపు మాయమ్మ "దప్పికవుతుందా నాయనా?" అనేది, అక్క "ఇందాకే తాగినాడే!" అనేది, పిల్లలు "మాక్కూడా" అనేవాళ్ళు. అంతటితో మా దాంపత్య సంభాషణ ముగిసేది.

సుగుణది మైపాడు పక్కన చిన్న పల్లె. వాళ్ళ నాయన అక్కడ బడిపంతులు. ఇంటి వెనక తలుపు తీస్తే ఇసక, ఇసక దాటితే సముద్రం. ఒకరోజు కుళాయి దగ్గర మా అక్కతో అంటుంటే విన్నాను. "వదినా, ఈడ నాకు నిద్ర పట్టేదిలేదు. సముద్రం హోరు వినపడక చెవుల్లో దూది పెట్టినట్టుంది" అని. అక్క నవ్వేసింది. నేను నవ్వలేదు. ఆ మాట గొంతులో చేపముల్లులా దిగింది. మింగలేను, కక్కలేను. ఆ పిల్లని కూచోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఎక్కడ? ఎప్పుడు? దర్జీ చేత చొక్కా కుట్టించుకున్నంత జాగ్రత్తగా ఆ మాటల్ని రాత్రిళ్ళు చాప మీద పడుకుని కుట్టుకునేవాణ్ణి. తొడుక్కునే రోజు మాత్రం రాలేదు.

ఆ రోజుల్లో నెల్లూరు సాయంత్రాలు ఎట్లా ఉండేవో మీకు చెప్పాలి. నాలుగు దాటితే సినిమా బండి వచ్చేది. జట్కాకి రెండువైపులా బొమ్మలు కట్టి, లోపలొకడు డప్పు వాయిస్తూ, ఇంకొకడు రంగు కాయితాలు చల్లుతూ పోయేవాళ్ళు. ఆ కాయితాల కోసం పెద్దమనుషులు కూడా పంచె ఎగ్గట్టి వంగేవాళ్ళు. కాసేపటికి సినిమా హాలు మీద మైకులో పాటల రికార్డు మొదలయ్యేది. ఆ పాట ఊరంతా వినపడేది. మల్లెపూలు తడిగుడ్డ మీదికి వచ్చేవి. గోలీసోడాలు కీచుమనేవి. మొగుళ్ళూ పెళ్ళాలూ రిక్షాల్లో పక్కపక్కన కూచుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా, ఎంతో సంతోషంగా పోయేవాళ్ళు. నేను అద్దం వెనకనుంచి ఒంటికంటితో వాళ్ళను చూస్తుండేవాణ్ణి. భూతద్దం వల్ల ఇతరుల సుఖం ఇంకాస్త పెద్దదిగా కనపడేది.

"అంత బాధెందుకు, నువ్వూ తీసుకుపోవచ్చుగా" అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. మేం సంఘస్థులం. మా గుడికి పాస్టరుగారు ఉన్నారు. ఆయన్ని మేమంతా అయ్యగారు అంటాం. అయ్యగారికి ఈ లోకంలో ముగ్గురు శత్రువులు: సాతాను, సారా, సినిమా. మొదటి ఇద్దరినీ ఒకటి రెండు మాటల్లో తేల్చేసి మూడోదాని మీదికి వచ్చేవాడు. "టిక్కెట్టు కొనుక్కుని నరకంలోకి పోయేవాణ్ణి ఏమనాలి?" అని ప్రసంగం చేసే పుల్పిట్టు మీద గుద్దితే వెనక వరసలో నిద్రపోయే ముసలాయన లేచి "ఆమెన్" అనేవాడు. సినిమాకి పోయినట్టు తెలిస్తే సంఘం ముందు నిలబెట్టి ఒప్పుకోమనేవాళ్ళు. కొత్తకోడల్ని అట్లా నిలబెడితే మాయమ్మ తల ఎత్తుకోగలదా? మా మామ, ఆ బడిపంతులు, ఏమవుతాడు?

అయ్యగారి భార్యని అమ్మగారు అనేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళకు స్త్రీల సమాజం నడిపేది ఆమే. కీర్తన ఎత్తుకునేది కూడా ఆమే. సమాజం ఆడవాళ్ళందరికీ ఒకే రకం చీర, వెంకటగిరి నేత, తెల్లచీర నీలం అంచు. అమ్మగారు గడప దాటితే ఆ చీరే.

ఒక శుక్రవారం పొద్దున కుళాయి దగ్గర దేవుడు నా మొర విన్నాడు. సుగుణ బిందె నింపుతూ, తల ఎత్తకుండా గుసగుసగా చెప్పింది.

"రేపు సమాజం లేదంట. అమ్మగారి చుట్టమెవరో కావల్లో జబ్బుపడిందంట. చూసేదానికి పోతుందంట."

"ఇంట్లో చెప్పినావా?"

"ఇంకా లేదు."

"చెప్పబాక" అన్నాను. అప్పుడు నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ బల్బు వెలక్కుండా ఉంటే ఎంత బాగుండేది! "రేపు మా షాపు కూడా ఒంటిపూటే. నువ్వు సమాజానికి పోయినట్టే ఆ చీర కట్టుకుని బయల్దేరు. మ్యాటినీకి పోదాం."

బిందె నిండి పొర్లిపోతోంది. సుగుణ కళ్ళు కూడా అట్లాగే ఉన్నాయి.

"ఎవురన్నా చూస్తే?"

దానికి నేను తయారుగా ఉన్నాను. ఒక సేనాపతి లాగా చెప్పుకుపోయాను. "వేరువేరుగా లోపలికి పోవాలి. నువ్వు ఆడోళ్ళ గేటు, నేను మగోళ్ళ గేటు. ఆట వదిలినాక నేను సోడాబండి దగ్గర ఉంటా. నువ్వు తలమీద ముసుగేసుకుని బయటికి రా. నిన్ను చూస్తానే నేను నడక మొదలుపెడతా. నువ్వు రవంత దూరంలో నా ఎనకాల రా. నేను తిరిగి చూడను. నువ్వు పలకబాక. ఎవురన్నా ఎదురొస్తే మనం ఎవురో ఎవురో."

"మరి మాట్లాడుకునేది ఎట్టా?"

"సందుల్లో పడినాక నేను మాట్లాడతా. నువ్వు గమ్మున విను."

"బిన్నా కానీ సుగుణా, కుళాయి నిలిచిపోతాది!" అని మాయమ్మ తొందరచేస్తూ కేక. మహాసభ అంతటితో ముగిసింది.

మరునాడు సినిమా చూశాను గానీ కథేమిటో ఇప్పటికీ చెప్పలేను. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. ఆ గోడ మీదినుంచి సుగుణ కనపడుతుందేమోనని చూసిచూసి నా మెడ పట్టుకుంది. ఒకటి మాత్రం గుర్తుంది. తెరమీద హీరో వెన్నెల్లో నిలబడి హీరోయినుతో మాట్లాడాడు, మాట్లాడాడు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. హాలంతా నిశ్శబ్దం. ఆడవాళ్ళ వైపునుంచి ముక్కులు చీదిన చప్పుడు. "ఆడవాళ్ళకి ఇదా కావాల్సింది! ఇంతేగదా! వీడికంటే నేనేం తక్కువ?" అనుకున్నాను. వీడు ముఖంలో ముఖం పెట్టి చెబుతున్నాడన్న సంగతి నాకు తట్టలేదు.

ఆట వదిలేసరికి పొద్దు వాలింది. సోడాబండి దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్ళ గేటులోంచి జనం తోసుకుంటూ బయటికొచ్చారు. చంకలో పిల్లలు, చేతిలో చెప్పులు, కళ్ళల్లో ఎరుపు. అందరూ పోయినాక ఆఖరున వచ్చింది తెల్లచీర, నీలం అంచు. ముసుగు ముక్కుదాకా లాక్కుంది. గేటు పక్కన ఆగి అటూ ఇటూ దొంగలాగా చూసింది. నన్ను చూసి ఉలిక్కిపడింది. "శభాష్! ఎంత బాగా నటిస్తోంది!" అనుకుని గొంతు సవరించాను.

"ఊఁ. రా, పోదాం."

తిరిగి చూడకుండా నడిచాను. వెనక చెప్పుల చప్పుడు టపటపా వినపడింది. ఆ చప్పుడు విని నా గుండె పొంగిపోయింది. నా పెళ్ళాం! నా వెనక! చెప్పినట్టు వింటోంది!

ట్రంకురోడ్డు దాటి సందుల్లోకి మళ్ళినాక మొదలుపెట్టాను. ముందు కాస్త నవ్వించి, తర్వాత మనసులోకి దిగుదామని నా పథకం.

"ఎట్టుండాది సినిమా? నరకమంటాడే మన అయ్యగారు! నరకంలో ఫ్యానులు ఉంటాయా? అంత చల్లంగా ఉంటే నేను రోజూ పోతా."

వెనక ఒక చిన్న దగ్గు. నవ్వాపుకుంటోందనుకున్నాను.

"అమ్మగారు ఈపాటికి కావల్లో ఉంటాది. పాపం ఆ జబ్బు మనిషి! మంచం పక్కన నిలబడి ఆమె ఒక్క కీర్తన ఎత్తుకుందంటే ఇంజను కూత అనుకుని రైళ్ళన్నీ ఆగిపోవూ!"

చెప్పుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. నవ్వలేక ఆగిందనుకున్నాను. చూశారా, మూర్ఖుడికి అన్నీ శుభశకునాలే.

ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను. గొంతు తగ్గించాను.

"సుగుణా, నీకొకటి చెప్పాల. నువ్వు నవ్వబాక. సముద్రం హోరు లేకుంటే నిద్ర పట్టదని అక్కతో అంటివే, నేను విన్నా. ఆ పొద్దునుంచి నాకూ నిద్ర లేదు. వసారాలో పండుకోని, ఈ పిల్లకి సముద్రం యాణ్ణించి తెచ్చేదిరా దేవుడా అని ఏడుస్తుండా. మా షాపులో మధ్యాన్నం పూట ఎవురూ లేనప్పుడు గడియారాలన్నీ ఒక్కసారిగా టిక్కుటిక్కుమంటాయి. కళ్ళు మూసుకుంటే అల వచ్చి ఇసక మీద పగిలినట్టే ఉంటాది. నిన్నొకసారి తోలకపోయి వినిపించాలని ఉంది. ఎట్టా పిలిచేది? మాయమ్మ కూడా వస్తానంటాది."

వెనక ఏ చప్పుడూ లేదు, చెప్పుల చప్పుడు తప్ప. అది కూడా మెల్లగా, నా అడుగుకి అడుగు కలుపుతూ.

"అన్నం వడ్డించినాక నీ వేలికంటిన మెతుకు నోట్లో ఏసుకుంటావే, అది చూసేదానికే నేను మారు అడిగేది. ఆకలై కాదు. పొట్ట పగిలిపోతున్నా అడుగుతా. నువ్వు మాయింటికొచ్చినాక నాకు సాయంత్రమైతే ఇంటికి పోవాలనిపిస్తుంది. అంతకుముందు ఇల్లంటే తిని పండుకునే చోటు. నేను నోరులేనోణ్ణి సుగుణా. నోరులేదని మనసు లేదనుకోబాక. నువ్వు పుట్టిల్లు తలుచుకోని బాధపడే ప్రతి పొద్దూ, నేనేదో తప్పు చేసినట్టు నాకుంటాది. మాయమ్మ మీదికంటే నీమీదే నాకు... ఈ మాట మాత్రం మాయమ్మకి చెప్పబాక."

మీరు నమ్మరు, నాకు కన్నీళ్ళొచ్చాయి. నా మాటలకు నేనే ఏడ్చాను. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను. సందు చివర మలుపు వచ్చింది. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. నెమ్మదిగా, చాలా మర్యాదగా.

"అబ్బయా దేవదానం, ఆ మలుపు నువ్వు తిరగబాక నాయనా. ఆడ మా ఇల్లు."

తిరిగాను. ముసుగు తీసింది. అమ్మగారు!

స్ప్రింగు తెగిన గడియారం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ముల్లు ఎక్కడుంటే అక్కడే నిలబడిపోతుంది. నేనూ అట్లాగే, తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఆ సందులో ఒకే తేలు ఇద్దరు దొంగల్ని కుట్టింది.

"అ... అమ్మగారా! మీరు కావలి..."

"చుట్టం జబ్బు నయమైపోయిందిలే" అంది అమ్మగారు, నేల చూస్తూ. "నేను కూడా మనిషినే గదా అబ్బయా. ఆ రికార్డు రోజూ మా వంటింట్లోకి వినపడతాది. ఎన్నాళ్ళని చెవులు మూసుకునేది? ఒక్కసారి చూద్దామని..."

"మరి నా ఎనకాల..."

"నువ్వే గదా 'రా, పోదాం' అన్నావు! పట్టుబడిపోయినాననుకున్నా. అయ్యగారి దగ్గరికే తోలకపోతుండావని నా ప్రాణం పోయింది. గమ్మున నీ ఎనకాల వచ్చినా."

"సుగుణా అని పిలిచినానే! అప్పుడన్నా చెప్పకూడదా అమ్మగారూ?"

అమ్మగారు ముసుగు మళ్ళీ సర్దుకుంది. ఆ గొంతు కీర్తన ఎత్తుకునే గొంతేనా అని నాకు అనుమానం వచ్చింది, అంత చిన్నగా అంది: "చెప్దామనే అనుకున్నా. ఈలోగా నువ్వు సముద్రం సంగతి మొదలుపెట్టినావు."

మా ఇద్దరిలో ముందు ఆమెకే తెలివి వచ్చింది.

"సరే. నువ్వు నన్ను చూడలా, నేను నిన్ను చూడలా. రైలు కూత సంగతి కూడా వినలా." అని, ఒక్కసారిగా నా ముఖంలోకి చూసింది. "ఇంతకీ ఆ పిల్ల యాడా?"

నా పెళ్ళాం! అరె, నాకొక పెళ్ళాం ఉంది కదా!

పరిగెత్తాను. అంతకుముందూ ఆ తర్వాతా నేనట్లా పరిగెత్తింది లేదు. ఎదురొచ్చిన రిక్షావాడు "ఏందన్నా, కుక్కలు తరుముతుండాయా?" అన్నాడు. కుక్కలయితే బాగుండేది. ఊరు తెలియని పిల్ల, చీకటి పడుతోంది, వెనక్కి తిరిగి చూడకుండా వదిలేసి వచ్చిన మొగుణ్ణి నేను. మైపాడు పంతులుగారి ముఖం కళ్ళముందు కదిలింది. "మా అమ్మాయిని ఏ సందులో పారేసుకున్నావు నాయనా?" అని అడిగితే ఏం చెప్పాలి? గడియారమా, ఇంకోటి ఇవ్వడానికి?

హాలు దగ్గర ఫస్టుషో మొదలైపోయింది. సోడాబండి దగ్గర ఎవరూ లేరు. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చించే ఆమె ముక్కాలిపీట మీద కూచుని వక్క నములుతోంది.

"అక్కా, తెల్లచీర, నీలం అంచు, ఒకామె..." ఆయాసం వల్ల మిగతాది రాలేదు.

"ఒకామె ఏంది? ఆ చీర ఇయ్యాళ ఇద్దరు కట్టుకోనొచ్చినారు. ఒకామె నీ ఎనకాలే పోయిందే, నేను చూడలా?"

"ఆమె కాదక్కా, ఇంకో ఆమె. నా సొంత ఆమె."

ఆమె నన్ను కిందనుంచి మీదిదాకా చూసింది. "మళ్ళా లోపలికే పోయింది. రవంతసేపు కూచుంటానక్కా, మాయాయన వస్తాడు అంటే పోనిచ్చినా. పిలుస్తా ఉండు." తలుపు సందులోంచి తల లోపల పెట్టి, కావలి దాకా వినపడేట్టు కేక వేసింది. "అమ్మా! నీలం అంచు తెల్లచీరా! మీ ఆయనొచ్చినాడు! నీ పేరేందబ్బీ?" అని నావైపు తిరిగింది.

భయంలో నోరు జారింది. "సంతపేట దేవదానం."

"సంతపేట దేవదానం పెళ్ళామెవురో బయటికి రావల్ల!"

హాలంతా గొల్లుమంది. మగవాళ్ళ బెంచీల్లోంచి ఎవరో "మన దేవదానమా!" అన్నారు. ఆ గొంతు మా సంఘపెద్ద ఒకాయనది. అన్నంతలోనే, తానెక్కడున్నాడో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. నరకంలో మా సంఘం వాళ్ళు ముందే సీట్లు పట్టుకున్నట్టుంది.

సుగుణ బయటికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"తొక్కిడిలో నా చెప్పొకటి పోయింది. అది వెతుక్కుని వచ్చేసరికి మీరు పోతుండారు. మీ ఎనక అమ్మగారు! నేను గుర్తుపట్టినా. పిలుద్దామంటే అమ్మగారికి దొరికిపోతాను. అమ్మగారు మిమ్మల్ని పట్టుకున్నట్టుంది, ఇంక ఇంట్లో చెప్పేస్తాదనుకున్నా. ఎట్టాగూ చెప్పేది చెప్తాది, ఈలోగా మళ్ళొకసారి చూస్తే పోలా అని లోపలికి పోయినా."

"భయం కాలేదా నీకు?"

"అయింది. పాట వచ్చినాక మర్చిపోయినా."

ఇంటిదోవ పట్టాం. ఈసారి పక్కపక్కనే నడిచాం. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది గనక?

"అవునూ, అమ్మగారికి ఏం చెప్పినారు అంతసేపు? సందు మొదటిదాకా ఎనకాలే వచ్చి చూసి తిరిగిపోయినా. చేతులు ఊపతా, తల ఊపతా మాట్లాడుతుండారే!"

"ఏముంది... మామూలుగా. ప్రార్థన సంగతి."

"ప్రార్థనకి అన్ని చేతులెందుకు?"

చెప్పాలనే నోరు తెరిచాను. నా పక్కనే ఉంది. చెంప మీద వీధిదీపం వెలుతురు పడింది. సముద్రం, గడియారాలు, మెతుకు, అన్నీ గుర్తున్నాయి. కానీ ఆ మాటలు ఒకసారి తొడిగిన చొక్కాలాగా నలిగిపోయి ఉన్నాయి. మళ్ళీ తియ్యలేకపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చి ఓడిపోయాను.

ఇంట్లో మాయమ్మ అడిగింది, "సమాజంలో ఏం చెప్పినారే ఇయ్యాళ?" అని. సుగుణ నావైపు చూడకుండా చెప్పింది: "అమ్మగారు నోరే తెరవలేదు అత్తా. అంతా వేరే వాళ్ళే మాట్లాడినారు."

ఆదివారం గుడిలో నేను స్తంభం వెనక కూచున్నాను. అయ్యగారు ఆరోజు కూడా సినిమా మీద గుద్దాడు. అమ్మగారు ముందు వరసలో తల వంచుకుంది. హాల్లో నా పేరు పలికిన సంఘపెద్ద కిటికీలోంచి కాకుల్ని లెక్కపెడుతున్నాడు. ఆరాధన అయినాక అమ్మగారు తిన్నగా మాయమ్మ దగ్గరికి వచ్చింది. నేను స్తంభానికి ఇంకాస్త అతుక్కున్నాను.

"ఏమమ్మా, నీ కోడలు చిక్కిపోయింది. సముద్రపు గాలికి పెరిగిన పిల్ల. ఒకసారి పుట్టింటికి పంపు."

"పంపుతాలెండి అమ్మగారూ, వాళ్ళ నాయన వచ్చినప్పుడు..."

"వాళ్ళ నాయన ఎందుకు? మొగుడు లేడా? ఇద్దరినీ పంపు. నువ్వు పోబాక. నీకు కాళ్ళనొప్పులు గదా."

అమ్మగారు చెబితే మాయమ్మకి వేదవాక్కు. ఆ వారమే మైపాడు బస్సెక్కాం.

ఆ సాయంత్రం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. ఎండిన వలలు, ఉప్పువాసన. సుగుణ చెప్పులు వదిలేసి పిల్లలాగా నీళ్ళల్లోకి పరిగెత్తింది. మోకాళ్ళదాకా తడిసి వచ్చి ఇసకలో నా పక్కన కూలబడింది. మా చుట్టూ మనిషన్నవాడు లేడు. మాయమ్మ లేదు, అక్క లేదు, పిల్లలు లేరు. పెళ్ళైనప్పటినుంచి నేను కలగన్న చోటు అదే.

"ఇప్పుడు చెప్పండి" అంది. "ఆ రోజు నేననుకోని అమ్మగారికి చెప్పినవి."

గొంతు సవరించాను. ఆమె ముఖం చూశాను. ముంగురులు తడిసి నుదుటికి అంటుకుని ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూస్తోంది.  సముద్రం వైపు చూస్తూ, శక్తినంతా కూడగట్టుకుని అన్నాను:

"ఈడ ఉప్పుగాలికి గడియారాలు బిన్నా తుప్పు పట్టిపోతాయి."

సుగుణ ఇసకలో పడి దొర్లి దొర్లి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను కూడా నవ్వాను గానీ, లోపల నన్ను నేనే చెప్పుతో కొట్టుకున్నాను.

నాతో లాభం లేదని, నెల్లూరు తిరిగొచ్చినాక తనే అమ్మగారి దగ్గరికి పోయింది. మధ్యాహ్నం పోయిన మనిషి దీపాలవేళకి వచ్చింది. వసారాలో, మాయమ్మ కోళ్ళను గంపకింద మూసే హడావిడిలో ఉండగా, నా పక్కన కూచుంది.

"చెప్పిందా?" అన్నాను, గుండె చేతిలో పట్టుకుని.

"లేదు."

"ఎందుకంట?"

సుగుణ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత అంది: "నీ మొగుడు మంచోడు, ఇంక బతుకంతా నీకు చెప్తానే ఉంటాడు అన్నాది అమ్మగారు. నాకైతే ఈ వయసుదాకా ఎవురూ అట్టాంటి మాట ఒకటి చెప్పలా, ఇంక చెప్పేవాళ్ళూ లేరు, పొరపాటున నా చెవిన పడినాయి, వాటిని నా దగ్గరే ఉండనీ తల్లీ అని నా చెయ్యి పట్టుకున్నాది."

 దూరంగా హాలు మీద రికార్డు వినపడుతోంది. అదే పాట అయ్యగారి వంటింట్లోకి కూడా వినపడుతుంటుందని నాకు తోచింది.

"ఉంచుకోనీండి పాపం" అంది సుగుణ లేస్తూ. "నాకు కొత్తవి చెప్పండి."

ఆ హాలు ఇప్పుడు లేదు. అమ్మగారు పోయి చాలా కాలమైంది. సుగుణ కూడా పోయింది. పొద్దు వాలే వేళ ట్రంకురోడ్డు మీద నిలబడితే నాకిప్పటికీ మల్లెపూల వాసనా, సోడా కీచుమన్న చప్పుడూ తెలుస్తాయి. ఎవరో వచ్చి నా వెనక నడుస్తారేమోనని కాసేపు నిలబడతాను కూడా.

కాబట్టి, సంతపేట కాపురస్థుడు, గడియారాల రిపేరుదారు దేవదానం అను నేను, సర్వజనుల సమక్షమున చేయు ప్రమాణమేమనగా: ఇకమీదట ఏ ఆడమనిషికైనా మనసులో మాట చెప్పవలసి వస్తే, ముందుగా ఆగి, మెడ తిప్పి, ముఖము చూచి, మనిషి ఎవరో రూఢి చేసుకున్న పిమ్మటే నోరు తెరుస్తాను. ముందుచూపు లేనివాడు చెడతాడంటారు గానీ, నేను చెడింది వెనకచూపు లేక.

ఈ ప్రమాణం నేను మొదట చేసింది ఆ రోజుల్లోనే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. చెప్పబోయే ముందు ప్రతిసారీ ఆగి సుగుణ ముఖం చూసేవాణ్ణి. చూడగానే, చెప్పాల్సింది మర్చిపోయేవాణ్ణి.